చూసిపోయే వాళ్లకు మా షరతులు

చలికాలం మొదలైతే చాలు, జమ్మలమడుగు దాటి గండికోట దారిలో కార్లు బారులు తీరుతాయి. ఎర్రమల కొండలను పెన్నా కోసిన చోట నిలబడి, చేతులు చాపి ఫోటోలు దిగి, 'ఇండియా గ్రాండ్ కేన్యన్' చూశామని చెప్పుకుని పోతారు. నది కొండను గండి కొట్టింది కాబట్టి మన పెద్దలు గండి అన్నారు. గండి పక్కన కోట లేచింది కాబట్టి గండికోట అన్నారు. ఇంత మంచి పేరు ఉండగా అమెరికాలోని ఒక లోయ పేరు తగిలిస్తే తప్ప ఈ లోయకు విలువ రాదనుకునే చూపు ఒకటి తయారైంది. మా తగాదా ఆ చూపుతో. ఎందుకంటే అది లోయ దగ్గర ఆగడం లేదు. తండాలోకి వస్తోంది, ఎరుకల వీధిలోకి వస్తోంది. మా ఆడవాళ్ల అద్దాల రవికెల మీద, మా అవ్వల చేతిలోని వెదురు బద్దల మీద, మా డప్పుల మీద వాలుతోంది. చూసి, మెచ్చుకుని, ఫోను జేబులో పెట్టుకుని పోతోంది.

మేము పెద్దముడియం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వైపు సుగాలీ, ఎరుకల, యానాది ఇళ్ల బిడ్డలం. మాలో కొందరు చదువుకుంటున్నారు, కొందరు బడిలో పాఠం చెబుతున్నారు, కొందరు ఇంకా బుట్టలల్లుతున్నారు. మమ్మల్ని చూడటానికి ఎవరూ రావద్దని మేము అనడం లేదు. రండి అంటున్నాం. వచ్చే పద్ధతి మాత్రం మేము చెబుతాం అంటున్నాం. ఈ ఒక్క మాట చెప్పడానికే ఈ వ్యాసం.

పెద్దముడియం పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది. చాళుక్యుల పుట్టుక కథలో వచ్చే ముడివేము అగ్రహారం ఇదేనని చరిత్రకారులు రాశారు. ఇక్కడ దొరికిన, దేవతలు వరుసగా చెక్కి ఉన్న చిన్న రాతిపలకను గురించి శిల్పకళ చదివేవాళ్లు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. చెక్కిన రాయికి అంత గౌరవం దక్కింది, సంతోషమే. కుందూ ఒడ్డు నల్లరేగడిలో పండిన శనగలను కల్లంలో తూర్పార పట్టిన చేటను ఎవరు అల్లారో మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు. రాయి నిలిచింది, చేట నాలుగేళ్లకు పిగిలిపోయింది. పిగిలిపోయేదాన్ని మళ్లీ మళ్లీ అల్లి రైతుకు అందించిన వాళ్లం మేము. శాసనాలు మాకు లేవు. మా శాసనం మా చేతుల్లోనే ఉంది.

పని చచ్చినాక కళ అన్నారు

ఒక సంగతి గమనించండి. మా పని బతికి ఉన్నన్నాళ్లు దాన్ని ఎవరూ కళ అనలేదు.

సుగాలీలు, అంటే లంబాడీలు, ఒకప్పుడు ఈ దేశానికి సరుకు మోసిన జనం. వందల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రపు ఒడ్డు నుంచి మెట్ట సీమలకు నడిచారు. ఆ నడకను లదేణి అన్నారు. ఆ బిడారం దిగిన చోటే తండా. ఎద్దు మీద వేసే సంచి గట్టిగా ఉండాలి కాబట్టి కుట్టు దట్టంగా వేశారు. ముందు నడిచే ఎద్దుకు ఎర్రగుడ్డ, గవ్వలు కట్టారు. అదే కుట్టు ఆడవాళ్ల ఫేట్యాలోకి, కాంచళిలోకి వచ్చింది. తెల్లవాళ్లు రోడ్లు వేశారు, రైలు తెచ్చారు, ఉప్పు మీద పన్ను బిగించారు. ఎద్దుల వర్తకం కూలిపోయింది. సరుకు మోసిన జాతి కూలికి పోయే జాతి అయింది. అప్పుడు ఎవరూ వచ్చి, 'ఎంత చక్కని కుట్టమ్మా' అనలేదు. ఆ మాట చాలా కాలం తరువాత, ఆ కుట్టుతో కడుపు నిండని రోజు వచ్చాక వినబడింది.

ఎరుకల వాళ్ల కథా అంతే. గంప, చేట, తట్ట, జల్ల, కోళ్లగూడు లేని రైతు ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. ఈత బరికెలు, వెదురు తెచ్చి అల్లినవాళ్లు మా వాళ్లు. రైతు గింజలు కొలిచి ఇచ్చేవాడు, తరువాత డబ్బులిచ్చాడు, ఆ తరువాత ప్లాస్టిక్ టబ్బు కొనుక్కున్నాడు. వెదురు కోసం అడవికి పోతే అటవీ శాఖ అడ్డం నిలిచింది. 1927 అటవీ చట్టం వెదురును చెట్టు అంది. అది గడ్డిజాతి అని బడిపిల్లలకు పాఠం చెప్పిన దేశమే, అడవి నుంచి దాన్ని నరికితే చెట్టు నరికిన నేరం అంది. 2006లో అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. 2017లో అడవి బయట పెంచిన వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు. చట్టం మారింది సరే. లంకమల, నల్లమల అంచుల్లో మోపు వెదురు నెత్తిన పెట్టుకుని ధైర్యంగా రోడ్డెక్కే ఎరుకల మనిషి ఎంతమంది ఉన్నారు? వెదురు ముట్టనివ్వకుండా, వెదురు బుట్టను మాత్రం స్టాల్లో పెట్టి 'సంప్రదాయ హస్తకళ' అని బోర్డు రాస్తే దాన్ని ఏమనాలి?

ఇంకొక వింత ఉంది. శ్రీనివాస కల్యాణ కథలో వెంకటేశ్వరుడంతటి దేవుడు పద్మావతి ఇంటికి పోవడానికి ఎరుకలసాని వేషం వేశాడు. యక్షగానాల్లో, కూచిపూడిలో ఎరుకలసాని పాత్ర వస్తే జనం కేరింతలు కొట్టారు. చేతిలో బుట్ట, సోది చెప్పే మాట, నడక, యాస, అన్నీ మావే. వేషం వేసినవాళ్లు వేరు. అదే ఎరుకల జనాన్ని బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతి అంది. 1871లో ఉత్తరాదిన పుట్టిన ఆ చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. వేలిముద్రలు తీసుకున్నారు. పోలీసు దగ్గర హాజరు వేయించారు. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో కుటుంబాలకు కుటుంబాలను పెట్టారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది గానీ, ఊళ్లో ఏదైనా పోతే ముందు ఎవరి ఇంటి వైపు చూస్తారో మా బిడ్డలకు ఇప్పటికీ తెలుసు. వేషానికి హారతి, మనిషికి హాజరు పట్టీ. ఆనాడు మా వేలిముద్ర తీసుకున్నప్పుడు మమ్మల్ని అడగలేదు. ఈనాడు మా ముఖం ఫోటో తీసుకునేటప్పుడూ అడగడం లేదు.

మూడు ప్రశ్నలు

అందుకే ఏ ఉత్సవానికి, ఏ ప్రదర్శనకు, ఏ 'గ్రామీణ పర్యాటకానికి' మమ్మల్ని పిలిచినా మేము మూడు ప్రశ్నలు వేయాలి. పిలిచింది ఎవరు? డబ్బు ఎవరికి ఎంత ముట్టింది? వద్దనే హక్కు ఎవరిది?

మన చుట్టూ జరిగేదాన్ని ఈ మూడు ప్రశ్నలతో చూద్దాం. మంత్రి వస్తే ముందు నడవడానికి లంబాడీ ఆడవాళ్లు కావాలి. పొద్దున్నే లారీలోనో ఆటోలోనో ఎక్కించుకుని పోతారు. ఎండలో నిలబెడతారు. కారు వచ్చేదాకా ఆడాలి, వచ్చాక ఆడాలి, పోయాక దిక్కులేదు. ఒక ఊళ్లో ఇట్లా ఆడివచ్చిన మా అక్కలకు మధ్యాహ్నం అన్నం పొట్లం చేతికొచ్చింది, కూలి డబ్బులు రెండు నెలలకు సగం వచ్చాయి. వేదిక మీద శాలువా కప్పించుకున్నది మాత్రం వాళ్లను పిలుచుకుపోయిన పెద్దమనిషి. శాలువా మాకే కప్పినా లాభమేమిటి? దాన్ని ఉడకేసుకుని తింటామా?

ఆడినది ఏ పాట? తీజ్ పాట. తీజ్ అంటే పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు నాటి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, నియమంగా మొలకెత్తించే పండుగ. ఆ మొలకలతో ఆ పిల్లల ఆశ కలిసి ఉంటుంది. దాన్ని తీసుకొచ్చి కారు ముందు పరిస్తే అది పండుగ ఎట్లా అవుతుంది? ఢావ్లో మరీ లోపలి పాట. అత్తగారింటికి పోయే పిల్ల తల్లిని, తండాను తలుచుకుని ఏడుస్తూ పాడేది. ఏడుపును 'ఐటెం' చేసి మూడు నిమిషాలకు కుదించమని అడిగేవాళ్లు, తమ ఇంటి ఆడపిల్లను సాగనంపేటప్పుడు టికెట్టు పెడతారా?

ఉత్తరాన ఆదిలాబాద్ గోండు అన్నదమ్ముల గుస్సాడీ సంగతి చూడండి. అది దీపావళి వేళ దండారీలో వచ్చేది. నెమలి ఈకల టోపీ నెత్తిన పెట్టుకున్నవాడు ఆ రోజుల్లో మామూలు మనిషి కాడు, నియమాలు పాటించేవాడు. కోలాబోడితో అది ముగుస్తుంది, టోపీ లోపలికి పోతుంది. ఇప్పుడు ఏ నెలలో రిబ్బను కత్తిరించినా గుస్సాడీ కావాలంటారు. మర్లవాయికి చెందిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. కోయ డోలి మీద సమ్మక్క సారలమ్మల కథ చెప్పిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. ఇద్దరూ 2024లో కన్నుమూశారు. ఆ గౌరవం మాకూ గర్వమే. మా బాధ వేరు. ఒక్క మనిషి మెడలో పతకం వేసి, ఆ పాట పుట్టిన గూడేనికి బాకీ తీరిపోయిందనుకోవడం ఎక్కడి న్యాయం? డోలి పట్టే తరువాతి పిల్లవాడికి ఏ బడిలో, ఏ గంటలో ఆ కథ నేర్పుతున్నారు?

అరకు పోయినవాళ్లు థింసా చూడకుండా రారు. రిసార్టు మెట్ల ముందు మంట వేసి, ఆ మంట చుట్టూ మా అక్కచెల్లెళ్లు చేతులు పట్టుకుని ఆడుతుంటే, పర్యాటకులు మధ్యలో దూరి రెండడుగులు వేసి ఫోటో దిగుతారు. ఆ కొండల్లోనే, అనంతగిరి మండలం గనుల లీజుల మీద సాగిన పోరాటం 1997లో సమత తీర్పు తెచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకిచ్చే హక్కు ప్రభుత్వానికి కూడా లేదని సుప్రీంకోర్టు చెప్పింది. బొర్రా గుహలు చూసి, బొంగు చికెన్ తిని, థింసా ఆడి వచ్చిన మనిషిని ఆ తీర్పు గురించి అడగండి. ఆట తెలుసు, ఆడేవాళ్ల భూమి తగాదా తెలియదు. తెలియకుండా ఉండేటట్టే ఆ విహారయాత్ర తయారుచేశారు.

అండమాన్‌లో ఈ చూపు ఎక్కడిదాకా పోయిందో 2012లో దేశమంతా చూసింది. రోడ్డు మీద జరావా ఆడపిల్లల చేత తిండి ఆశ పెట్టి నాట్యం చేయించిన వీడియో బయటికి వచ్చింది. 'మనిషి సఫారీ' అని ప్రపంచం ఛీకొట్టింది. తండాలో బిస్కెట్ పొట్లం చూపించి పిల్లల చేత ఆడించి రీలు తీసేవాళ్లు ఆ వరుసలో ఎక్కడ నిలబడతారో వాళ్లే తేల్చుకోవాలి.

సండూరు లంబాణీ కుట్టు మన పక్కనే, బళ్లారి జిల్లాలో ఉంది. దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023 జూలైలో హంపిలో జీ-20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ స్త్రీలు కుట్టిన 1,755 వస్తువులను ఒకచోట పేర్చి గిన్నిస్ రికార్డు అన్నారు. అక్కడి స్త్రీలు ఏళ్లుగా జతకట్టి పనిచేయబట్టి ఆ పేరు వచ్చింది, వాళ్లకు దండం. కానీ రికార్డు వస్తువుల లెక్క చెప్పింది. కుట్టిన చేతుల రోజు కూలి లెక్క చెప్పలేదు. సండూరు కొండలను ఇనుప రాయి కోసం తవ్విన లెక్క అసలే చెప్పలేదు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో గుర్తింపు వచ్చింది. ఉషేగావ్ ఓజాల చేతిలో మైనంతో రూపు కట్టి, మట్టి పూసి, కంచు పోసి తీసే బొమ్మలవి. గుర్తింపు మంచిదే. అయితే 1999 చట్టం ప్రకారం ఆ పేరు వాడుకునేవాళ్ల రిజిస్టరు ఒకటి ఉంటుంది. అందులో పోత పోసే మనిషి పేరు ఉందా అని చూడాలి. లేకపోతే జెండా మనది, బండి వేరేవాళ్లది.

టావోస్‌లో కెమెరా దించిన చెయ్యి

పడమటి దేశాల పేరు చెప్పి మన లోయకు పేరు పెట్టారు కదా, ఆ పడమటి దేశంలోనే చూసిరండి అంటాం మేము.

అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో టావోస్ అని ఒక చిన్న పట్నం ఉంది. కుండలకు, డప్పులకు, నాట్యానికి పేరుపడ్డ చోటు. పక్కనే టావోస్ ప్యూబ్లో, ఆదివాసుల ఊరు. మట్టితో అంతస్తులుగా కట్టిన ఇళ్లలో శతాబ్దాలుగా ఆ జనం బతుకుతున్నారు. 1992లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వం అంది. చూడటానికి పోతే రుసుము కట్టాలి. ఆ రుసుము ఆ జాతి పెట్టినది. మనిషి ఫోటో కావాలంటే ఆ మనిషిని అడగాలి. పండుగ రోజుల్లో కెమెరాలు లోపలికి రానివ్వరు. నాట్యం చూసి చప్పట్లు కొట్టకూడదు, అది పూజ కాబట్టి. ఏటా చలికాలం చివర్లో కొన్ని వారాలు తమ పూజల కోసం ఊరికి తలుపు వేసుకుంటారు. ఎంత డబ్బున్నవాడైనా బయటే నిలబడాలి.

ఈ మర్యాద వాళ్లకు ఎవరూ దానం ఇవ్వలేదు. వాళ్ల పుణ్య సరస్సు బ్లూ లేక్‌ను 1906లో ప్రభుత్వం అడవిలో కలిపేసింది. డబ్బు తీసుకుని ఊరుకోమంటే ఒప్పుకోలేదు. 64 ఏళ్లు కొట్లాడి 1970 డిసెంబరులో 48,000 ఎకరాలు వెనక్కు తెచ్చుకున్నారు. అదే 1970లో మన కొండ ప్రాంతాలకు 1/70 భూబదలాయింపు నియంత్రణ వచ్చింది. రెండు దేశాల్లో ఒకే మాట: భూమి మాది అయితేనే డప్పు మాది.

అసలు గ్రాండ్ కేన్యన్ మాట కూడా వినండి. ఆ లోయలో హవసుపాయ్ జాతి ఉంది. నీలి నీళ్ల జనం అని అర్థం. 1882లో వాళ్లను 518 ఎకరాల్లోకి కుదించారు. 1919లో లోయ నేషనల్ పార్కు అయింది. ఇండియన్ గార్డెన్ అనే చోట సేద్యం చేసుకుంటున్న చివరి హవసుపాయ్ కుటుంబాన్ని 1928లో వెళ్లగొట్టారు. 1975లో చట్టం చేసి సుమారు 1,85,000 ఎకరాలు తిరిగి ఇచ్చారు. 2022లో ఆ చోటికి హవసుపాయ్ గార్డెన్స్ అని పేరు మార్చారు. కరోనా రాగానే 2020లో వాళ్లు తమ ఊరికి యాత్రికుల రాక ఆపేశారు, 2023 ఫిబ్రవరిదాకా తెరవలేదు. పర్యాటకుల డబ్బు మీద బతికే ఊరే తలుపు వేసుకుంది. అంటే ఆ తలుపు వాళ్లది. గండికోటకు ఆ లోయ పేరు అరువు తెచ్చుకున్నవాళ్లు ఈ కథ కూడా అరువు తెచ్చుకుని ఉంటే బాగుండేది.

మన కడప జిల్లా నుంచి అమెరికా పోయి స్థిరపడ్డవాళ్లు తక్కువేమీ కాదు. వాళ్లలో సెలవులకు ఆ లోయలకు, ఆ ప్యూబ్లోలకు పోయేవాళ్లు ఉంటారు. అక్కడ 'ఫోటో తీయరాదు' అన్న బోర్డు చూసి కెమెరా దించుకుంటారు. ఆ చెయ్యే సంక్రాంతికి సొంతూరు వచ్చి తండాలో మాట మాత్రం అడగకుండా మా అవ్వ ముఖం ముందు ఫోను పెడుతుంది. అక్కడ 40 డాలర్ల కుండను బేరమాడకుండా కొన్న మనిషి, ఇక్కడ 150 రూపాయల గంపను 80కి అడుగుతాడు. మర్యాద తెలియక కాదు. ఎక్కడ చూపాలో లెక్క తెలుసు. ఆ లెక్క పేరు కులం.

ఆ పట్నాలు స్వర్గాలని మేము అనడం లేదు. టావోస్‌కు బయటి చిత్రకారులు గుంపుగా వచ్చి, ఆదివాసుల బొమ్మలు గీసి పేరు సంపాదించిన చరిత్ర ఉంది. నకిలీ నగలు, నకిలీ కుండలు అక్కడా అమ్మారు. అందుకే 1990లో గట్టి చట్టం చేసుకున్నారు. ఆదివాసి చేయని వస్తువును ఆదివాసి వస్తువని అమ్మితే మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. మన దగ్గర మిషను మీద అచ్చేసిన లంగాకు 'లంబాడీ వర్క్' అని చీటీ అంటించి ప్రొద్దుటూరు బజార్లో నుంచి హైదరాబాద్ మాల్‌దాకా ఎక్కడైనా అమ్మొచ్చు. అడిగే నాథుడు లేడు.

మైదానంలో ఉన్న మనకు

ఇక్కడ రాయలసీమ గిరిజనులు ప్రత్యేకంగా ఆలోచించాల్సింది ఉంది. కడప జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు. 1/70 మనకు వర్తించదు. పెసా గ్రామసభ మనకు లేదు. అరకు అక్కకు కనీసం కాగితం మీదైనా ఉన్న కంచె మన తండాకు లేదు. గండికోట చుట్టూ పర్యాటకం పెరిగితే హోటళ్లు లేస్తాయి, రోడ్లు వెడల్పు అవుతాయి, భూమి ధర పెరుగుతుంది. అప్పుడు మనకు దక్కేది ఏమిటి? గేటు దగ్గర వాచ్‌మన్ పని, గదులు ఊడ్చే పని, సాయంత్రం ఫేట్యా కట్టుకుని ఆడే పని. ఈ మూడింటికే మనల్ని పరిమితం చేస్తే ఆ అభివృద్ధి మన మీదుగా నడిచిపోయినట్టే. చట్టం కంచె లేనివాళ్లకు కట్టు ఒక్కటే కంచె. తండాలు, ఎరుకల వీధులు ఒక మాట మీద నిలబడటమే ఆ కట్టు.

'ఇట్లా షరతులు పెడితే ఎవరూ పిలవరు, వచ్చే నాలుగు రూపాయలూ పోతాయి' అని మన పెద్దలే అంటారు. వాళ్ల భయం ఉత్తది కాదు. పొయ్యి మీద ఎసరు పెట్టినవాళ్లకు తెలుస్తుంది ఆ నాలుగు రూపాయల విలువ. అయితే ఒక్కరు అడిగితే ఆ ఒక్కరిని మానుకుని పక్క తండాను పిలుస్తారు. పది తండాలు ఒకే రేటు చెబితే ఎవరిని పిలుస్తారు? లంబాడీ ఆట లేని స్వాగతం, వెదురు స్టాలు లేని ఉత్సవం వాళ్లకూ వెలితే. మన అవసరం వాళ్లకు ఉంది. ఆ సంగతి వాళ్లకు తెలుసు, మనకే తెలియకుండా చూస్తున్నారు.

'కళ అందరిదీ, గోడలు కట్టకూడదు' అని చదువుకున్న మిత్రులు అంటారు. కళ అందరిదీ అయితే కష్టం కూడా అందరిదీ కావాలి కదా? వెదురు కోసం కేసు పడ్డప్పుడు మాదే, అల్లిన బుట్ట మాత్రం అందరిదీనా? 2007లో ఐక్యరాజ్య సమితి ఆదివాసుల హక్కుల ప్రకటన చేసింది. భారతదేశం దానికి ఓటు వేసింది. తమ పాటల మీద, చేతిపనుల మీద, తెలివి మీద హక్కు ఆ జాతులదేనని అందులో రాసి ఉంది. మేము కొత్తగా గోడ కట్టడం లేదు. ఉన్న ఇంటికి గడప చూపిస్తున్నాం.

కాబట్టి మా షరతులు ఇవి.

పిలిచేవాళ్లు తండా పెద్దలతో, ఆడేవాళ్లతో నేరుగా మాట్లాడాలి. మధ్యలో దళారి వద్దు. ఎన్ని గంటలు, ఎంత డబ్బు, బండి ఖర్చు, భోజనం, అన్నీ కాగితం మీద రాయాలి. సగం ముందు, సగం ఆట అయిన రోజే. మంత్రి ఆలస్యంగా వస్తే ఆ ఎండకూ కూలి కట్టాలి.

ఏ పాట బయట పాడవచ్చో, ఏది పాడకూడదో మేమే చెబుతాం. తీజ్ తీజ్ రోజునే. సాగనంపే పాట సాగనంపేటప్పుడే. బయటివాళ్ల కోసం ఆడదగ్గ ఆటలు మాకు చాలా ఉన్నాయి, వాటికి లోటు లేదు.

ఫోటోకు ముందు అడగాలి. పిల్లల ఫోటోకు తల్లిని అడగాలి. వద్దంటే ఫోను దించాలి.

వస్తువు మీద చేసిన మనిషి పేరు, ఊరు పేరు ఉండాలి. 'గిరిజన కళ' అనే గుంపు పేరు చాలదు. పికాసో బొమ్మను 'స్పెయిన్ కళ' అని అమ్మరు కదా.

బుట్టను పొగిడే ప్రతి అధికారి వెదురు హక్కు గురించి మాట్లాడాలి. మాట్లాడనివాడు రిబ్బను కత్తిరించడానికి రాకూడదు.

చివరిది, అన్నిటికంటే పెద్దది. ఫలానా రోజుల్లో మా తండాకు ఎవరూ రావద్దు అని చెప్పే హక్కు మాది. ఆ మాటకు కారణం చెప్పాల్సిన పని కూడా మాకు లేదు.

టీచర్లకు ఒక మాట

వార్షికోత్సవం రోజు 'లంబాడీ డాన్స్' లేని బడి తక్కువ. అద్దెకు తెచ్చిన డ్రెస్సు, సినిమా పాట, నడుము తిప్పుడు. క్లాసులో ఉన్న సుగాలీ పిల్ల చివరి బెంచీలో తలవంచుకుని ఉంటుంది. తన తల్లి కట్టుకునే బట్టను చూసి తోటి పిల్లలు నవ్వుతుంటే ఆ పిల్లకు ఏ పాఠం అందుతుంది? అయ్యా, అమ్మా, ఆ డాన్సు ఆపండి. లేదా ఆ పిల్ల అవ్వను బడికి పిలిపించి, కుర్చీ వేసి, ఆ కుట్టు ఎట్లా వేస్తారో చెప్పించండి. అవ్వకు ఆ రోజు కూలి ఇప్పించండి. ఒక గంపలో ఎన్ని నిలువు బద్దలు, ఎన్ని అడ్డ బద్దలు, మూతి వెడల్పు పెంచితే బద్ద ఎంత పొడవు కావాలో లెక్కలు చేయించండి. గోర్‌బోలీ, కుర్రు భాష మాట్లాడే పిల్లవాడు తన మాటలు తెలుగు లిపిలో రాసుకునేటట్టు ఒక నోటుబుక్కు పెట్టించండి. పాటలను పరిశోధకులు రికార్డు చేసి తీసుకుపోకముందే మన పిల్లలు రాసుకోవాలి. ఆ పుస్తకం తండాలో ఉండాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీకు రెండు వలలు వేసి ఉన్నాయి. ఒకటి సిగ్గు. అమ్మ ఫేట్యాలో కాలేజీకి వస్తే దాక్కోవాలనిపించే సిగ్గు. అది మీది కాదు, వేలిముద్రలు తీసుకున్నవాళ్లు మన ఇళ్లలో వదిలిపోయినది. రెండోది మెప్పు. మన బట్ట కట్టుకుని, మన పాటకు పెదవులాడించి, లక్ష మంది చూశారని మురిసిపోయే మెప్పు. లక్ష మంది చూసినా అవ్వ గంప ధర ఒక్క రూపాయి పెరగలేదు. ఈ రెండూ తెంచుకుని బయటికి రండి. మీ తండాలో, మీ వీధిలో ఎవరికి ఏ పని వచ్చో, ఎవరికి ఏ పాట వచ్చో ఈ సెలవుల్లో ఒక చిట్టా రాయండి. పక్క తండా చిట్టాతో కలపండి. రేటు ఒకటి అనుకోండి. షరతుల కాగితం తెలుగులో రాసి, చదువు రాని పెద్దలకు చదివి వినిపించి, అందరి చేత సంతకాలు, వేలిముద్రలు పెట్టించండి. ఈసారి ఆ వేలిముద్ర మన ఇష్టంతో పడుతుంది.

ఆ కాగితం చేతిలో పెట్టుకుని, మనల్ని చూడటానికి వచ్చేవాళ్లకు మంచం వాల్చుదాం, మజ్జిగ ఇద్దాం. కాగితం చదివాకే డప్పు తీద్దాం.